తడి ఆరని తలుపు

గోళ్ల కింద ఆకుపచ్చ.

సబ్బు పెట్టి రుద్దినా పోదు. కొబ్బరినూనె రాసినా పోదు. అన్నం కలుపుతుంటే కనిపిస్తుంది. బస్సులో పైకమ్మీ పట్టుకుంటే కనిపిస్తుంది. అద్దం ముందు కూర్చుని మొహానికి రంగు రాసుకునేటప్పుడు — అప్పుడు మరీ కనిపిస్తుంది.

తలుపు రంగు అది.

మనోజ వేసిన తలుపు. గుడ్డ మీద వేసిన తలుపు. ఎటూ తెరుచుకోని తలుపు...

*

ఫిల్మ్ నగర్‌లో, జూబ్లీహిల్స్ వైపు ఎగబాకే ఒక సందులో, పాత బిల్డింగు. పైన డబ్బింగ్ థియేటర్. కింద సెల్లార్. సెల్లార్‌లో నాటకం.

పైన ఎవరో అమ్మాయి, తెర మీది ఇంకెవరో హీరోయిన్ కోసం ఏడుస్తుంటుంది. సరిగ్గా రాలేదంటే మళ్లీ ఏడుస్తుంది. ఆ ఏడుపు మెట్ల మీదుగా కిందికి దిగి వస్తుంది. కింద వీళ్లు రిహార్సల్ ఆపేస్తారు. అది అయిపోయేదాకా టీ తాగుతారు. అయిపోగానే తమ ఏడుపు మొదలుపెడతారు.

సెల్లార్‌కి మూడు వైపులే గోడలు. నాలుగో వైపు బండ.

కార్లు పెట్టుకోవడానికి తవ్వుతూ పోతే తగిలిందట. పగలగొట్టే ఓపిక లేక దాన్నే గోడ అనుకున్నారు. చుట్టూ ఎన్ని మేడలు లేచినా, ఎంత పెద్ద మొహాలతో ఎన్ని హోర్డింగులు లేచినా, అది మాత్రం లేవలేదు. కూర్చున్న చోటే కూర్చుంది.

వానాకాలం ఆ బండ చెమరుస్తుంది.

ఎక్కడి నీళ్లో, ఎన్ని బంగళాల తోటల కింద నుంచి వస్తాయో — సన్నగా, చప్పుడు లేకుండా దిగుతాయి. స్టేజీ వెనక తెర ఆ బండకే ఆనించి కట్టారు. ఆ తెర మీదే తలుపు.

*

మనోజ ఈ నాటకాల్లోకి నటించడానికి వచ్చింది. ఈ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఒక్కోసారి ఆమెకే గుర్తుండదు.

ఒకసారి పోస్టర్ వేసే అతను రాలేదు. అప్పుడు త్రినాథరావు మాస్టారు ఆమె వైపు తిరిగారు. నాటకం రాసేది ఆయనే. ఆడించేది ఆయనే. టీ చెప్పి తాగడం మరిచిపోయేదీ ఆయనే. సినిమా వేషాల కోసం కాకినాడ నుంచి వచ్చి, సినిమా పిలవకపోతే నాటకాన్ని పట్టుకుని ఇక్కడే ఉండిపోయిన మనిషి.

"ఈ ఒక్కసారికీ నువ్వు వెయ్యమ్మా," అన్నారు.

ఒక్కసారి.

ఆ ఒక్కసారి ఇంకా అయిపోలేదు.

పోస్టర్ అయింది. తర్వాత, ఎవరు ఏం కట్టుకోవాలో చూపించే బొమ్మలు. తర్వాత తెరలు. కోటలు వేసింది. అడవులు వేసింది. రైల్వే స్టేషన్ వేసింది. తన వేషానికి తనే కొంగు రంగు ఎంచింది. బాగా వేస్తే ఇదే ఇబ్బంది. మళ్లీ వెయ్యమంటారు.

పగలు బొమ్మ. సాయంత్రం వేషం.

అలా పంచుకుంటే సరిపోతుందనుకుంది. కాని అవి అంత మర్యాదస్తుల్లా పంచుకోవు. ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ వేస్తుంటే మనోజ మూతి తనంతట తనే వంకర పోతుంది. బస్సులో ఒడిలో అట్ట పెట్టుకుని వేస్తుంటే పక్కసీటు వాళ్లు ఏమ్మా, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఇక స్టేజీ మీద — నిజంగా ఏడవాల్సిన చోట — లోపల ఒక కన్ను తెరుచుకుంటుంది.

బొమ్మలు వేసే కన్ను.

దీపం కొంచెం ఎడమకు జరిగిందే... ఈ చీర ఈ తెర ముందు తేలిపోతోందే... నా చెయ్యి ఇలా పెడితే గీత బాగుండదే...

ఆ కన్ను మూసుకోదు. ఎన్నడూ మూసుకోలేదు. ఏడుస్తూ తన ఏడుపును దూరం నుంచి చూడటం ఎంత నరకమో చెబితే ఎవరికి అర్థమవుతుంది? చూసేవాళ్లు బాగా చేశావంటారు. ఆమెకు మాత్రం తెలుసు. తాను ఒక్క రాత్రి కూడా ఆ వేషంలో పూర్తిగా లేదు.

ఒక్కసారి ఉండాలి. పూర్తిగా. ఒక్కసారి.

అందుకే ఈ నాటకానికి ముందు నోరు తెరిచి అడిగింది. మాస్టారూ, నాకు కుంచె వద్దు. నటిస్తాను, అంతే.

ఆయన గడ్డం గోక్కున్నారు.

"సరేనమ్మా. ఈ తలుపొక్కటి వేసిపెట్టు. మొదటి షో అవగానే కుంచె ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను. ఫైన్ ఆర్ట్స్ పిల్ల ఒకర్తి అడుగుతోంది."

ఈ ఒక్క తలుపు.

మనోజ నమ్మింది. నమ్మకపోతే ఎలా?

*

నాటకంలో ఒకామె ఉంటుంది. పేరు లేదు. భర్త పొద్దున్నే బయటి నుంచి తాళం వేసి పనికి పోతాడు. సాయంత్రం వచ్చి తీస్తాడు. నాటకమంతా ఆ మధ్య వేళే. పక్కింటావిడ కిటికీ దగ్గరికి వచ్చి నాలుగు మాటలు మాట్లాడి పోతుంది. పక్కింటావిడ వేషం జాయ్స్‌ది. లోపలామె మనోజ.

చివర్లో ఆమె కుడివైపు వంటింట్లోకి పోవాలి. స్టవ్ వెలిగించిన చప్పుడు వినపడాలి. దీపాలు ఆరాలి. తలుపు వైపు చూడను కూడా చూడకూడదు. ఆమెకు అలవాటైపోయిందని జనానికి అప్పుడు తెలియాలి. మాస్టారు రాసిన ముగింపు అది.

నెలంతా మనోజ ఆ తలుపు వేసింది.

జిగురు కలిపిన పొడి రంగు. పాత పద్ధతి. ముందు చెక్క రంగు, దాని మీద ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద వయసు. అడుగున పెచ్చు లేచినట్టు. చెయ్యి పడీ పడీ నలుపెక్కినట్టు. బందులకు తుప్పు. ఇత్తడి గొళ్లెం.

వేస్తూ వేస్తూ తలుపు అవతల ఏముందో కూడా అనుకుంది. ఒక వరండా. చెప్పుల స్టాండు. మలుపు తిరిగే మెట్లు. మలుపులో సీసాలో మనీప్లాంటు. కింద గేటు. గేటుకి అవతల ఎండ.

బొమ్మలు వేసేవాళ్లకు ఇదొక జబ్బు. కనిపించనిది తెలియకపోతే కనిపించేది వెయ్యలేరు.

అలా రోజూ ఆ మెట్లు దిగింది. రోజూ గేటు దాకా పోయింది. కుంచె కడుక్కుని వెనక్కి వచ్చింది. రిహార్సల్‌లో వంటింట్లోకి పోయింది.

*

మొదటి షో రోజు వాన.

మధ్యాహ్నం నుంచీ పట్టుకుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర కార్లు కదలడం లేదని ఫోన్లు. సెల్లార్‌లో బండ చెమర్చింది. గుడ్డ చల్లబడింది. పొద్దున పెట్టిన ఆకుపచ్చ ఆరనే లేదు.

మనోజ చీర కట్టుకుని కూడా కుంచె వదల్లేదు. కారిన చోటల్లా అద్దుతూనే ఉంది.

"అక్కా, చేతులు! చీర పాడైపోద్ది," అంది జాయ్స్. "ఇంక వదిలెయ్ అక్కా. అంత దగ్గరగా ఎవరు చూస్తారు?"

"నేను చూస్త," అంది మనోజ.

చూసింది కూడా. నాటకం సగంలో, భర్త టిఫిన్ డబ్బా గురించి తాను చెప్పే పెద్ద మాట మధ్యలో — లోపలి కన్ను తెరుచుకుంది. గొళ్లెం నీడ తప్పు పడింది. దీపం ఎడమ నుంచి వస్తోంది. నీడ కూడా ఎడమకే వేసింది. నెలరోజులు వేసి, ఇంత తప్పు!

నోరు టిఫిన్ డబ్బా గురించి చెబుతూనే ఉంది. మనసు నీడను కుడివైపుకు జరుపుతోంది. జనం ముక్కులు ఎగబీలుస్తున్నారు. మనోజకు తన మీద అసహ్యం వేసింది. అయిపోతుందిలే, ఇవాళ్టితో ఈ కుంచె పీడ వదిలిపోతుంది అనుకుంది.

ఇక చివరి ఘట్టం. కుడివైపుకు పోవాలి.

అప్పుడు పైన ఏడుపు మొదలైంది.

షో ఉన్న రోజుల్లో ఆ వేళకు ఆపుతామని పైవాళ్లు మాట ఇచ్చారు. ఆ రోజు చెప్పడం ఎవరు మరిచారో ఏమో. ఎవరో అమ్మాయి, ఇంకెవరి నోటి కోసమో, సన్నగా, పొడుగ్గా... ఆగి... మళ్లీ...

మనోజ ఆగింది.

తిరిగింది.

కుడికి కాదు. తిన్నగా.

తలుపు దగ్గరికి పోయింది. గొళ్లెం మీద చెయ్యి వేసింది. వేళ్లు జారాయి. మళ్లీ వేసింది. జారాయి. రెండు చేతులూ పెట్టి తోసింది. కొట్టింది. గుడ్డ. గుడ్డ వెనక బండ. బండను కొడితే చప్పుడు రాదు, చెయ్యి నొస్తుంది. ఆమె మళ్లీ కొట్టింది.

వరండా ఉంది కదా. మెట్లు ఉన్నాయి కదా. గేటు ఉంది కదా. ఎందుకు రావడం లేదు?

వెనక్కి తిరిగి చేతులు చూసుకుంది. అరచేతుల నిండా ఆకుపచ్చ. ఇదేమిటో ఆమెకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

దీపాలు ఆరిపోయాయి.

ఆ కాసేపు బొమ్మలు వేసే మనోజ లేదు. వేషం వేసే మనోజ కూడా లేదు. తలుపు ఉంది, తియ్యాలి, అంతే. ఏళ్ల తరబడి అడుక్కున్నది దొరికింది. పొరపాటులో దొరికింది.

చీకట్లో చప్పట్లు వాన కంటే గట్టిగా కురిశాయి.

*

"ఏమైందక్కా? గట్ల పోయినవేంది?" దీపాలు చూసే రఘునందన్ స్విచ్చుల దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. "నాకు సమజ్ కాక బంద్ చేసిన."

మనోజ మాస్టారి దగ్గరికి పోయింది. తప్పయిపోయింది మాస్టారూ అంది. ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.

"తప్పేంటమ్మా! నేను రాయలేకపోయిన ముగింపు ఇదే. ఇంక ప్రతి షోకీ ఇలాగే. తిన్నగా వెళ్లు, గొళ్లెం, తోపు, కొట్టడం, తిరిగి చేతులు చూపించడం. అదే చోటు. అంతే తడి."

"తడి... ఎవరు పెడ్తరు? కుంచె ఆ పిల్లకు ఇస్తనన్నరు కదా."

"ఎలా ఇస్తానమ్మా? రంగు ఎంత తడిగా ఉండాలో నీ చేతికే తెలుసు. కొట్టాల్సిందీ ఆ చెయ్యే." ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "రెండూ నువ్వేనమ్మా. దేవుడు అలా పుట్టించాడు."

ప్రేమగానే అన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. తిట్టి ఉంటే తిరగబడేది.

నాటకంలో ఆమెకు సాయంత్రం అయితేనన్నా తాళం తీస్తారు.

*

ఆ ముగింపును ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. రెండు రోజుల్లో ఆ ఆకుపచ్చ చేతులు ఊరంతా తిరిగాయి. శ్రీనగర్ కాలనీలో సినిమావాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి పోయాయట. టోలిచౌకిలో జూస్ తాగుతుంటే ఎవరో గుర్తుపట్టారని జాయ్స్ చెప్పింది. "నన్ను కాదులే అక్కా, నీ చేతుల్ని," అని నవ్వింది.

మోతీనగర్ ఇంట్లో మనోజ వాళ్లమ్మ మంజులత ఆ ముక్కను మళ్లీ మళ్లీ చూసింది. కూతురు నటిస్తుందో బొమ్మలు వేస్తుందో అడిగినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ ఏదో ఆఫీసు అని చెబుతూ వచ్చిన మనిషి.

"గింత మంచిగ చేసినవు బిడ్డా. నిజంగనే ఏడుస్తున్నట్టే ఉన్నవు."

"నిజంగనే ఏడ్చిన అమ్మా."

"మల్ల గట్లనే చెయ్. నేనొస్త చూడనీకి."

మనోజ అమ్మ మొహంలోకి చూసింది. ఆ వెలుగును ఆర్పే మాట ఒకటి — మల్ల గట్ల రాదమ్మా అని — నాలుక చివరిదాకా వచ్చింది. సరే, రా అమ్మా అంది.

*

రెండో షో నాడు వాన లేదు.

బండ పొడిగా ఉంది. తలుపు పొడిగా ఉంది. మనోజ గిన్నెలో ఆకుపచ్చ కలిపింది. జిగురు కాస్త తగ్గించింది. నీళ్లు కాస్త పెంచింది. చెయ్యి పడే చోట మందంగా, పక్కన పలచగా. పోయిన వారం గుండెలోంచి వచ్చినదాన్ని ఈ వారం గిన్నెలో కలుపుకుంది.

పైన ఏడుపు లేదు. వాళ్లు మాట నిలబెట్టుకున్నారు.

తిన్నగా పోయింది. గొళ్లెం. తోపు. కొట్టడం. తిరిగి చేతులు.

ఎడమచేతికి రంగు సరిగ్గా అంటలేదు అనుకుంది లోపలి కన్ను.

అదే చప్పట్లు. ఇంకా ఎక్కువే. వెనక ఎవరో లేచి నిలబడ్డారు. మనోజ వంగి దండం పెట్టింది. దండం పెడుతూ, గొళ్లెం నీడ దిద్దనే లేదని గుర్తు తెచ్చుకుంది.

ఆ నిమిషాన ఆమెకు సంగతి పూర్తిగా తెలిసివచ్చింది. ఆ ఒక్క క్షణం — తాను లేని క్షణం, తాను నిజంగా ఉన్న క్షణం — ఇక దానికి తాళం పడింది. తాళం వేసింది ఎవరో కాదు. చప్పట్లు. మాస్టారి ప్రేమ. అమ్మ మొహంలో వెలుగు. తన చేతిలో కుంచె.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

*

మూడో షో.

పొద్దుటి నుంచి ముసురు. హోర్డింగుల మీద హీరోల బుగ్గల వెంట నీళ్లు కారుతున్నాయి. అమ్మ గొడుగు మడుచుకుని ముందు వరసలో కూర్చుంది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొచ్చింది.

మాస్టారు తెర పక్క నుంచి తొంగి చూశారు.

"తలుపు అయ్యిందామ్మా?"

"అయ్యింది మాస్టారూ."

కాలేదు.

మనోజ ఆ రోజు గిన్నె కడిగి బోర్లించింది. కుంచె ముట్టలేదు. తలుపు పోయిన వారం ఎలా ఉందో అలాగే ఉంది. పైకి ఎండినట్టే ఉంది. ఆమె వేలు పెట్టి చూడలేదు. కావాలనే చూడలేదు.

ఆమె అనుకున్నది ఇంతే. కొడతాను. తిరుగుతాను. చేతులు చూపిస్తాను. శుభ్రంగా ఉంటాయి. ముగింపు పాడవుతుంది. మాస్టారికి కోపం వస్తుంది. రానీ. నోటితో చెప్పినా ఆయన వినిపించుకోనిది ఖాళీ చేతులు చెబుతాయి. కుంచె వదిలేశాను అని.

రంగు అంటకపోతే — బయటపడ్డట్టు.

నాటకం మొదలైంది. భర్త తాళం వేసిన చప్పుడు వినిపించింది. జాయ్స్ కిటికీలోకి వచ్చి వంకాయల గురించి మాట్లాడి పోయింది. టిఫిన్ డబ్బా మాట వచ్చింది, పోయింది. ముందు వరసలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరి ఘట్టం.

మనోజ తిరిగింది. తిన్నగా నడిచింది.

తలుపు దగ్గరికొచ్చింది. ఇంత దగ్గర నుంచి అది తలుపులా ఉండదు. గీతలు, మచ్చలు. నెల రోజుల తన జీవితం. గొళ్లెం పక్కన ఆ నీడ — ఇంకా ఎడమకే. లోపలి కన్ను చూసింది. దిద్దాలి కదే అంది. ఈ ఒక్కటి దిద్ది వదిలెయ్ అంది.

ఈ ఒక్కటి...

మనోజకు నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది వచ్చిందో జనానికి కనిపించలేదు, వాళ్లకు ఆమె వీపే కనిపిస్తోంది.

గొళ్లెం మీద చెయ్యి వేసింది. తోసింది. రెండు చేతులూ ఎత్తి కొట్టింది.

చల్లగా తగిలింది.

చేతులు అక్కడే ఉంచింది.

గుడ్డ వెనక బండ చెమరుస్తోంది. పొద్దుటి నుంచీ చెమరుస్తూనే ఉంది. ఎక్కడెక్కడి తోటల కిందినుంచో దిగి, చప్పుడు లేకుండా గుడ్డలోకి ఇంకుతోంది. జిగురు కలిపిన పొడి రంగు సంగతి ఆమె కంటే ఎవరికి తెలుసు? ఎన్నాళ్లు ఎండినా సరే, నీళ్లు తగిలితే మళ్లీ లేస్తుంది.

ఆమె వెయ్యలేదు. ఆమె కుంచె ముట్టలేదు.

అయినా...

అరచేతుల కింద తడి. అది ఉట్టి నీళ్లో. చెమటో. రంగో.

కుడిచెయ్యి రంగు కావాలంటోంది. ముగింపు పాడవకూడదని, అమ్మ చూస్తోందని, తాను వేసిన తలుపు అబద్ధం కాకూడదని. ఎడమచెయ్యి వద్దంటోంది. రెండూ తన చేతులే.

ఇప్పుడు తిరగాలి. తిరిగి చూపించాలి.

పక్క నుంచి మాస్టారి గుసగుస — "తిరగమ్మా... తిరుగు..." రఘునందన్ వేలు స్విచ్ మీద ఉంది. పైన ఎవరో అమ్మాయి సన్నగా ఏడుపు మొదలుపెట్టి, సరిగ్గా రాలేదేమో, ఆపేసింది.

ముక్కు ముందు ఆకుపచ్చ.

గోళ్ల కింద ఆకుపచ్చ.

మనోజ ఇంకా చేతులు తియ్యలేదు.